పాలతో మింగించిన మాత్ర

"రోగి నోరు తెరవగానే మూయించడమా నువ్వు నా దగ్గర నేర్చుకున్నది?"

వైద్యం నేర్పే శేషాచార్యులుగారు శిష్యురాలు మాధవిని అందరి ముందే మందలించారు. లేహ్యం తనకు పడడం లేదని ఒక ముసలాయన చెప్పబోతే, ఆమె "మీకేం తెలుసు తాతా, బలానికి మంచిది, మింగండి" అని పంపేసింది. మాధవి తల వంచలేదు. "మేలు చేసేదే ఇచ్చాను కదండీ. అందులో ఆయన్ని అడిగేదేముంది?" అంది. ఆచార్యులుగారు వాదించలేదు. చీరాలలో తమ ఎదురింట్లో జరిగినది చెప్పారు.

కేశవులు దర్జీ. కంపవాతం, అదే పార్కిన్సన్స్ జబ్బు, వచ్చి చేతులు బిగుసుకుపోయాయి. ఆస్పత్రి మాత్ర వేసుకుంటే మాత్రం రెండు మూడు గంటలు చేతులు ఆయన చెప్పినట్టు వినేవి. ఆ వేళలో తన చొక్కా గుండీలు తానే పెట్టుకునేవాడు, తన అన్నం తానే కలుపుకునేవాడు. ఆయనకు మిగిలిన మర్యాద అంతే.

మనిషి చిక్కిపోతున్నాడని భార్య తాయారమ్మ ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చింది. మాత్ర వేడి చేస్తుందని, ఆ పొడి కలిపిన పాలతోనే మింగించేది. పది రోజులు తిరక్కుండా గుండీలు ఆయన వేళ్లకు చిక్కడం మానేశాయి.

"తాయారూ, ఈ పాలతో వేసుకుంటే మాత్ర పనిచేయడం లేదే. ఒట్టి నీళ్లతో ఇచ్చి చూడు."

"మిషను తొక్కే మనిషివి, డాక్టరువి ఎప్పుడయ్యావయ్యా? తాగు, చల్లారిపోతాయి."

మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పలేదు. ఆమె గుండీలు పెడుతుంటే గోడవైపు చూసేవాడు.

అయిదు నెలలకు, మాత్ర దేనితో ఇస్తున్నారని డాక్టరు అడిగితే విషయం బయటపడింది. ఆ పొడి కలిపిన పాలే మాత్రను ఒంటికి సరిగా అందనివ్వడం లేదట. తిండికి ముందు నీళ్లతో ఇవ్వమన్నాడు. ఇచ్చింది. గుండీలు మళ్లీ చేతికొచ్చాయి. తాయారమ్మ ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఇకనుంచి ఏమున్నా నాతో చెప్పయ్యా."

"బాగానే ఉంది" అన్నాడు కేశవులు. ఆ తరువాత ఆమె ఏమడిగినా అదే మాట.

మరుసటి ఏడాది తిన్న అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్పత్రిలో చేరాడు. మూడోనాడు పోయాడు.

ఆచార్యులుగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"మింగడం ఎన్నాళ్లనుంచి కష్టంగా ఉందమ్మా అని డాక్టరు అడిగాడు. పూటపూటా ఎదురుగా కూర్చుని వడ్డించిన మనిషి. ఆమెకు తెలియలేదు."