లేచినవాళ్లు దిగలేదు

చుక్కల మధ్య తిరిగే ఓ బుల్లి రాతిగ్రహం మీద ఇనుప గని ఉండేది. అక్కడ మనిషికి దాదాపు బరువే ఉండదు, తుమ్మినా పోయి పైకప్పుకు తగులుతాడు. అందుకే కూలీలు నడుముకు తాడు కట్టుకుని, దాన్ని నేలమేకుకు ముడేసుకుని, అప్పుడు కంచం ముందు కూర్చునేవాళ్లు.

ఆ గనికి కొత్త అధికారిగా భుజంగరావు వచ్చాడు. నేలకు అతుక్కునే అయస్కాంతం బూట్లు ఆయనొక్కడికే ఉన్నాయి. భోజనశాలలోకి టకటకా నడిచొస్తే ఒక్కరూ లేవలేదు. ఆయనకు ఒళ్లు మండింది.

"రేపటి నుంచి నేనున్నంతసేపూ అందరూ లేచే ఉండాలి. లేవనివాడికి ఆ పూట కూడు లేదు."

"అలాగే బాబూ," అంది వంటమనిషి నూకాలు.

మర్నాడు ఆయన రాగానే అందరూ తాళ్లు విప్పి గౌరవంగా లేచారు. లేచినవాళ్లు లేచినట్టే పోయి కప్పు దూలాలు పట్టుకుని ఉండిపోయారు. భుజంగరావు నెత్తిమీద ఎటు చూసినా పాదాలే. గరిటెతో సహా నూకాలూ పైనే ఉంది.

"దిగి నాకు వడ్డించు," అన్నాడాయన.

"మీరుండగా దిగితే మర్యాద కాదు బాబూ. మీరు వెళ్లాక దిగి వడ్డిస్తాను."

"నేను వెళ్లాక ఎవరికి వడ్డిస్తావు?"

"మాకే బాబూ."

రెండు రోజులు పస్తుండి, మూడోనాడు ఆయన గుమ్మంలోంచే బతిమాలాడు. "ఎవరూ లేవొద్దు, కూర్చోండి."

"పెద్దవారు నిలబడి ఉండగా మేం కూర్చోవడమా?" అంది నూకాలు, తాడు ముడి మీద చెయ్యేసి.

అప్పటి నుంచి భుజంగరావు గుమ్మం దగ్గరే చతికిలబడి, దేక్కుంటూ భోజనానికి వస్తున్నాడు.