నాంచారమ్మ గరిక బాట

అనగనగా, ఊఁ కొట్టేవాళ్ళుంటేనే కదిలే ఒక ఊళ్ళో... ఏదీ, ఊఁ అను. అలా నీరసంగా కాదు, గట్టిగా. ఆఁ, ఇప్పుడు కదిలింది.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒక మామ్మ ఉండేది. ఒక్కత్తే ఉండేది. ఇంటి ముందు వీధి, ఇంటి వెనక కాలవ, పక్కనే పొడుగ్గా ఖాళీ దొడ్డి. వీధిలోవాళ్ళు కాలవ రేవుకి వెళ్ళాలంటే మామిడితోట చుట్టూ తిరిగి పోవాలి. లేదంటే నాంచారమ్మ దొడ్లోంచి అడ్డంగా పడి పోవాలి. ఎవరు చుట్టూ తిరుగుతారు చెప్పు? అందరూ దొడ్లోంచే. నాంచారమ్మ కూడా దడి కట్టలేదు, ఎవర్నీ కసరలేదు.

ఎందుకంటే, ఆవిడకి చూపు మందగించింది. మనిషొచ్చి ఎదురుగా నిలబడినా మసకమసగ్గానే కనపడేది. కానీ చెవులున్నాయే, అబ్బో! అరుగు మీద కూచుని అడుగుల చప్పుడు బట్టి మనుషుల్ని పోల్చేది.

టపాటపా అంటే పాల గవర్రాజు. దడదడా అంటే బడి పిల్లలు. జర్రు, టక్, జర్రు, టక్ అంటే ఆవిడ చిన్ననాటి నేస్తం సూరమ్మ. సూరమ్మకి ఎడంకాలు కాస్త ఈడుస్తుందిలే.

“ఏమే సూరీ, ఇవాళ ఏం కూర?” అని అరుగు మీంచే అడిగేది నాంచారమ్మ.

“నీకెందుకే? పెడతాననుకున్నావా ఏవిటి?” అనేది సూరమ్మ. అని, మధ్యాహ్నం అయ్యేసరికి గిన్నెలో పట్టుకొచ్చి పెట్టేది. అలాంటి మనిషి.

పొద్దున్నించి దీపాల వేళదాకా ఆ అడుగులు వినపడుతుంటే నాంచారమ్మకి ఒంటరిదాన్నన్న బెంగ ఉండేది కాదు.

అప్పుడు వానలొచ్చాయి. మామూలు వానలా? కుండపోత. అంతమంది తొక్కే నేల కదా, ఒక్క గడ్డిపోచ లేదు. దొడ్డంతా జారుడు బురదైపోయింది. ఆ బురదలో సూరమ్మ బిందెతో సహా దభీమని పడింది. నవ్వకు! ముసలావిడ పడితే నవ్వొచ్చునా? నడుం పట్టేసి పాపం చాలా రోజులు మంచం దిగలేదు.

ఆ తర్వాత లేచి, కోడలు రత్తాలు భుజం పట్టుకుని వచ్చి వీధిలో నిలబడింది. “ఒసే నాంచారీ! ఇంక నీ దొడ్లో చచ్చినా కాలు పెట్టను. మా ఇంట్లో పిల్లిని కూడా పెట్టనివ్వను!” అని అరిచి వెళ్ళిపోయింది. నొప్పి అలా మాట్లాడిస్తుంది మరి.

అది విని బడి పిల్లల తల్లులు భయపడ్డారు. గవర్రాజు కూడా పాలబిందె ఒలికిపోతుందని మామిడితోట వైపుకి మళ్ళాడు. దొడ్డి మూగపోయింది.

నాంచారమ్మ కంచం ముందు కూచుంటే ముద్ద దిగేది కాదు. “దేవుడా, నేనేం బంగారం అడిగానా? నాలుగు అడుగుల చప్పుడేగా” అని కళ్ళొత్తుకునేది. ఇసక పోయించింది. మర్నాటి వాన ఇసకని కాలవలోకి ఈడ్చుకుపోయింది.

అప్పుడు ఆవిడకి తోచింది. మట్టిని పట్టుకుని వదలనిది వేరొక్కటే. నేలబారున పాకే మొక్క ఏదైనా దొడ్డంతా పరిస్తే? బురదా ఉండదు, మనుషులూ వస్తారు!

ముందు ఏం తెచ్చిందో చెప్పనా? గడ్డిగులాబీలు. పొద్దెక్కాక విచ్చుకునే బుల్లిబుల్లి పూలు, ఎరుపూ పసుపూ. వేసిన కొద్దిరోజులకే దొడ్డంతా తివాచీ పరిచినట్టయింది. ఒకరోజు టపాటపా చప్పుడు దొడ్డి అంచుదాకా వచ్చింది. నాంచారమ్మ గుండె గంతేసింది.

“రారా గవర్రాజూ, ఆగావేం?”

“అయ్యో పెద్దమ్మా, ఇంత చక్కటి పూల మీద కాలెలా వెయ్యమంటావు? చేతులు రావు, కాళ్ళూ రావు” అని వాడు అటునుంచి అటే చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు. వాడికి కాళ్ళు రాలేదు సరే, వాడి గేదెకి అలాంటి మొహమాటాలేం లేవుగా! సాయంత్రం తాడు తెంపుకొచ్చి దొడ్డంతా కలియదొక్కింది. ఆ మొక్కల కాడల నిండా నీరే. నలిగి గుజ్జు గుజ్జయ్యి, ముందటి బురదే నయమనిపించింది.

నాంచారమ్మ ఆ గుజ్జంతా ఎత్తిపోసింది. ఈసారి తొక్కినా నలగనిది కావాలనుకుంది. ఆ తర్వాత కాలవ గట్టునించి ఏం తెచ్చిందీ, సరస్వతాకు. గుండ్రటి ఆకులు, నేలకి అతుక్కుని పాకుతుంది, తడంటే ప్రాణం. కాళ్ళకి కూడా బాగానే ఓర్చుకుంటుంది. నిజానికి సరైన మొక్కే. కానీ ఆవిడ ఒక పొరపాటు చేసింది. ఏవిటో చెప్పుకో?

పేరు చెప్పేసింది!

బడి పిల్లలు వచ్చి, “మామ్మా, ఇదేం ఆకు?” అనడిగారు. “సరస్వతాకర్రా” అంది అమాయకంగా. అంతే! ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయాయి. పుస్తకానికి కాలు తగిలితేనే నువ్వేం చేస్తావు? కళ్ళకద్దుకుంటావు కదా. మరి సాక్షాత్తూ సరస్వతి పేరున్న ఆకుని తొక్కుతారా? ఒకడికి అప్పటికే బొటనవేలు తగిలిందట, వంగి ఆకుని కళ్ళకద్దుకుని, లెంపలేసుకుని, ఒకటే పరుగు. పరీక్షలకి వారం ఉందనగా మాత్రం అందరూ అంచునించి వంగి, ఖాళీ అయిన చోట కాలు పెట్టుకుంటూ, చదువొస్తుందని గుప్పెళ్ళతో కోసుకుపోయారు. దొడ్డి మళ్ళీ బోడి. లెక్కల్లో ఎవరికీ మార్కులు రాలేదు, అది వేరే సంగతి.

నాంచారమ్మ అరుగు మీద కూలబడింది. “పూలేస్తే ముద్దొచ్చి తొక్కరు. ఆకేస్తే మొక్కుకుని తొక్కరు. ఇంక నేనేం చెయ్యను తల్లీ!” అని భోరుమంది. నీకూ ఏడుపొస్తోందా? వద్దమ్మా, ఇంకా కథ ఉందిగా. నా చెయ్యి పట్టుకో.

అప్పుడు ఆవిడ చేతికర్ర పట్టుకుని కాలవ గట్టు మీదికి వెళ్ళింది. ఊరి పశువులన్నీ నడిచే దారి అది. చెప్పుల్లేకుండా నడుస్తోంది. కాళ్ళ కింద గట్టి నేల, గట్టి నేల, ఉన్నట్టుండి మెత్తగా తగిలింది. ఇంతమంది తొక్కే చోట మెత్తనేవిటి? కూచుని చేత్తో తడిమింది. సన్నటి పోచలు. పాకిన చోటల్లా కణుపు, కణుపు కణుపుకీ ఒక వేరు. పీకితే ఊడిరాదు.

“ఓసి నీ దుంప తెగా, గరికా! కాళ్ళ కిందే ఉన్నావు కదే. నేను ఊరంతా వెతికానే!” అంది నాంచారమ్మ.

ఏవిటీ? గరిక వినాయకుడిది కదా అంటావా? అబ్బో, తెలివైనదానివే, ఆ సరస్వతాకు నువ్వే తిన్నట్టున్నావు. వినాయకుడికి చవితినాడు శుభ్రమైన చోట కోసిన గుప్పెడు గరిక చాలు. మిగిలిందంతా ఆయన మన కాళ్ళకీ, లేగదూడలకీ వదిలేశాడు. గరిక మీద నడవని కాళ్ళు ఏ ఊళ్ళోనూ లేవు.

ఆవిడ కణుపు కణుపుగా తుంచి తెచ్చి, వంగలేని నడుంతో దొడ్డంతా నాటింది. అయితే ఒక చిక్కుంది. గరిక ఎంత మొండిదైనా, పసితనంలో పసిదే. వేరు పట్టేదాకా దాన్ని తొక్కకూడదు. అందుకని నాంచారమ్మ తన చేత్తోనే దొడ్డికి రెండు వైపులా ముళ్ళకంప అడ్డం పెట్టింది. చూశావా? అడుగుల కోసం అల్లాడిపోతున్న మనిషి, అడుగులు రావద్దని తనే కంప వేసుకుంది.

వానలు వెనకబట్టాయి. కార్తీకం వచ్చింది. గరిక దొడ్డంతా అల్లుకుని పచ్చగా తేరింది. నాంచారమ్మ కంప తీసేసి, అరుగు మీద కూచుని చెవులప్పగించింది.

ఎవరూ రాలేదు.

కోపంతో కాదమ్మా. అలవాటు తప్పిపోయింది, అంతే. అందరి కాళ్ళూ మామిడితోట దారికే మరిగాయి. ఒకరోజు, ఇంకోరోజు, ఇంకోరోజు. పైగా గరిక మీద అడుగేస్తే చప్పుడు కూడా కాదని ఆవిడకి అప్పుడు తట్టింది. “ఎవరైనా వచ్చినా నాకు తెలీదు కదా. చేజేతులా చేసుకున్నాను” అని చీకట్లో ఉన్నట్టు కూచుంది.

ఇప్పుడు కాసేపు సూరమ్మ ఇంటికి వెళ్దాం. అక్కడ రత్తాలు కూతురు ఉంది, పండు అని. నీకు అడుగులొచ్చినప్పుడు నేనేం చేశాను? అరిసెలు. బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. అరిసెల మీద బుజ్జికాళ్ళతో నడిపించి, అవి ఊరందరికీ పంచుతాం. పండు గోడ పట్టుకుని లేస్తోందని సూరమ్మ ముందే పాకం పట్టి, మూకుడు పెట్టి, బుట్టెడు అరిసెలు వండేసింది. తొందర మనిషి.

కానీ పండు గచ్చు మీద తొలి అడుగెయ్యబోయి బోర్లా పడింది. పెదవి చిట్లింది. అంతే, ఆ పిల్ల మళ్ళీ కాలు కింద పెడితే ఒట్టు! నించోబెడితే కాళ్ళు పైకి ముడిచేసి కెవ్వుమనేది. బుట్టలో అరిసెలు గట్టిపడిపోతున్నాయి. సూరమ్మ కూడా లోపల్లోపల కుమిలిపోతోంది. నా కాలు ఈడ్చినట్టు దీని కాళ్ళకి కూడా ఏవైనా అయిందా అని.

ఒకరోజు రత్తాలు పిల్లని చంకనేసుకుని, మామిడితోట వైపుకి పోతూ పోతూ నాంచారమ్మ దొడ్డి చూసింది. పచ్చగా, ఒత్తుగా ఉంది. వంగి చేత్తో అదిమి చూసింది. మెత్తగా ఉంది. అత్తగారి మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత పిల్ల చిట్లిన పెదవి చూసి, మెల్లిగా గరిక మీద దింపింది.

పండు మువ్వల కాళ్ళు ముడిచింది. మళ్ళీ కొంచెం చాపింది. గరిక అరికాలికి చక్కిలిగింత పెట్టింది. పిల్ల కిలకిల నవ్వింది. ఒక అడుగేసింది. తూలి, చతికిలబడింది. దెబ్బ తగల్లేదు! లేచింది. ఒక అడుగు, ఇంకో అడుగు, ఇంకో అడుగు.

అరుగు మీద నాంచారమ్మకి మువ్వలు వినపడ్డాయి. ఘల్లు... ఘల్లు, ఘల్లు. ఆవిడ గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఊళ్ళో అందరి అడుగులూ తెలుసు ఆవిడకి. ఇవి తెలీవు.

“ఎవరమ్మా? ఈ అడుగులు ఎవరివి? నేనెప్పుడూ వినలేదే!”

“అత్తా, నేను రత్తాల్ని. మా పండు నడుస్తోందత్తా! నీ దొడ్లో నడుస్తోంది!” అని రత్తాలు ఏడుస్తూ నవ్వింది. పిల్లని నాంచారమ్మ చేతికి అప్పగించి ఇంటికి పరిగెత్తింది.

ఆ తర్వాత ఏం వినపడిందో చెప్పు? వీధిలో, జర్రు, టక్, జర్రు, టక్. ఎంత తొందరగానో! దొడ్డి అంచు దగ్గర ఆగింది. నాంచారమ్మ చెవులు రిక్కించింది. ఇంక చప్పుడు లేదు. వెళ్ళిపోయిందేమో అనుకుంది పాపం. గరిక మీద చప్పుడు ఉండదని చెప్పాగా.

ఇంతలో చెవి పక్కనే వినపడింది. “ఒసే నాంచారీ! పిల్లిని కూడా పెట్టనివ్వనన్నానా, నా మనవరాలే పెట్టేసిందే కాలు!”

నాంచారమ్మ చెయ్యి చాపి తడిమింది. సూరమ్మ చెయ్యి దొరికితే దాన్నే గట్టిగా పట్టుకుంది. అప్పుడు సూరమ్మ గరిక మీద అరిటాకులు పరిచి, రత్తాలు మోసుకొచ్చిన బుట్టలోంచి వాటి మీద అరిసెలు పేర్చింది. పండు వాటి మీద ఠీవిగా నడిచింది, ఒకటి ఎత్తి నోట్లో కూడా పెట్టుకుంది. చిన్న పాదం ముద్ర పడిన అరిసె ఒకటి తీసి సూరమ్మ నేస్తం నోటికందించింది. “గట్టిపడ్డాయే, నమిలి తిను” అంది.

అరిసెల కోసం ఊరంతా దొడ్లోకొచ్చారు. వచ్చిన కాళ్ళకి పాత దారి గుర్తొచ్చింది. ఆ రోజునించీ మామిడితోట వైపు ఎవరు వెళ్తారు?

అయితే ఒకటి మారింది. గరిక మీద అడుగుల చప్పుడు లేదు కదా, మామ్మకి తెలియదని ఎవరికి వాళ్ళే పేరు చెప్పి పిలవడం మొదలుపెట్టారు. “పెద్దమ్మా, గవర్రాజుని!” “మామ్మా, మేమే!” “ఒసే, నేనేనే, ఇవాళ వంకాయ!” అంతకుముందు ఎంతోమంది పలకరించకుండానే దాటిపోయేవాళ్ళు. ఇప్పుడు పిలవకుండా ఎవరూ దాటరు. పండు మాత్రం ఏమీ చెప్పదు. దానికింకా మాటలు రాలేదు, మువ్వలే దాని పేరు.

నిద్రొచ్చేసిందా? కాళ్ళిలా నా మీద వెయ్యి, ఫరవాలేదులే. ఈ చివరి నాలుగు ముక్కలూ చెప్పేస్తాను.

గడ్డిగులాబి గుజ్జయ్యె, చిట్టితల్లీ,
సరస్వతాకు చదువయ్యె, బుజ్జితల్లీ,
గరికమ్మ పరుపయ్యె, పండు నడిచె,
గరిక మీదుగా మన కథ కంచికి నడిచె,
ఇల్లు చేరి మనం కన్ను మూసేద్దాం,
పొద్దున లేచి గరిక మీద అడుగులేద్దాం.