గజ్జె విప్పిన గురువు

కొత్త అడుగు నేర్పిన మర్నాడు ఓబులేసు గురువు శిష్యులను గజ్జెలతో వరసగా నిలబెట్టి, పంచెలు పైకి కట్టించి పిక్కలు చూస్తాడు. చెక్కలతో తాళం వేస్తూ ఆడే చెక్కభజనంటే గెంతులే కాబట్టి పిక్కలు నొయ్యనివాడుండడు. ఆ రోజు నడివయసు శిష్యుడు సుంకన్న ఎన్నాళ్లుగానో మనసులో నలుగుతున్న ప్రశ్న అడిగేశాడు. "గురువా, నొప్పిని ఓర్చుకోవడమే గదా భక్తంటే?"

"తిక్క ప్రశ్నలన్నీ నీ దగ్గరే పుడతాయేమిరా," అని గురువు మొదటివాడి దగ్గరికి నడిచాడు.

వాడికి రెండు పిక్కలూ సమంగా నొప్పి. "అది నిన్నటి ఆట. వేన్నీళ్లు పోసుకో, రెండు రోజులు మెల్లగా ఆడు." అంతలో పక్కవాడు పిక్క పట్టేసి కూలబడ్డాడు. గురువు వాడి కాలివేళ్లు పైకి వంచి పట్టుకుంటే కండ నెమ్మదిగా సడలింది. "ఎండలో ఎగరతావు, గుక్కెడు నీళ్లు తాగవు. ఊర్లో నీళ్లకేమన్నా కరువా?"

సుంకన్న మొన్ననే కాశీ నుంచి బస్సులో కూర్చుని కూర్చుని దిగాడు. గంగ మీది దీపాలు ఇంకా కళ్లలో తేలుతున్నాయి. ఎడమ పిక్క ఒక్కటే కుండలా వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతోంది. అది దేవుడు పెట్టిన పరీక్ష అని మురిసిపోయి, పంచె కిందికి లాక్కున్నాడు. పెద్దవాళ్ల కాళ్లు ఆముదంతో పిసకడం ఆ బృందంలో మర్యాద. ఒకడు గిన్నెతో వచ్చి, పంచె ఎత్తి కాలు పట్టబోయాడు.

గురువు గిన్నె లాక్కుని ఆముదం నేలపాలు చేశాడు. "పిసికితే చేతులిరగ్గొడతా! పోయినేడు మన డోలు నరసన్న కాలు ఇట్లే వాస్తే అందరం కూర్చుని పిసికితిమి. తెల్లారేసరికి ఆయాసమొచ్చి..." అని వీధి వైపు తిరిగాడు. "ఆటో పిలవండ్రా. పెద్దాసుపత్రికి, ఇప్పుడే!"

"మంగళం పాడందే గజ్జె విప్పకూడదు గదా గురువా," అన్నాడు సుంకన్న.

గురువు నొసలు కొట్టుకున్నాడు. వంగి, శిష్యుడి కాళ్ల దగ్గర కూర్చుని, ఆ ముడులు తనే విప్పాడు.

ఆసుపత్రిలో నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆలస్యమైతే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వచ్చేదన్నారు. మంచం మీద పడుకుని కూడా సుంకన్న వదల్లేదు. "అయితే గురువా, ఎంతవరకు ఓర్చుకోవాల?"

గురువు విసుగ్గా మందుల పొట్లం దిండు పక్కన పడేశాడు.

"గుంపులో ఒక్కడు తాళం తప్పితే ఇట్టే పట్టేస్తావు గదరా. రెండు కాళ్లూ ఒకే బస్సులో వచ్చినాయి. ఒక్కటే ఎందుకు వాచిందని అడగబుద్ధి కాలేదా?"