నూకరాజు వెంట బాతులు

చిన్న కథే. పూతరేకు నోట్లో కరిగేలోగా అయిపోతుంది. కాకపోతే ముందు తాతబ్బాయి గురువుగారి గొడుగు సంగతి చెప్పాలి. వెదుళ్ళలంకలో ఆయన్ని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు. గొడుగు తీసుకుని బయల్దేరతాడు. జవాబు ఎక్కడో బయట ఉంటుంది. అడిగినవాడే వెంట నడిచి వెళ్ళి చూసుకోవాలి. అందుకే ఊళ్ళో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి సందేహాలు తక్కువ. రేషన్ డీలరు సూరిబాబు ఒకసారి మోక్షం గురించి అడిగి, మూడు మైళ్ళు నడిచి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ నడకలో సూరిబాబు చెప్పులు ఎలా తెగాయన్నది వేరే కథ.

ఇక నూకరాజు. గురువుగారి శిష్యుడు. ఇంట్లో పూతరేకుల వ్యాపారం. బోర్లించిన కుండ మీద రేకులు తీసేది భార్య సత్యవతి. ఆమె రేకు తీస్తుంటే వీడియో తీసేది నూకరాజు. ఇద్దరూ తీస్తూనే ఉంటారు గనక కష్టం చెరిసగమని అతని నమ్మకం. అతని పేజీకి ఫాలోవర్లు రెండువందల పన్నెండుమంది. పక్కలంకవాళ్ళ బ్రాండుకి నలభైవేలు. పౌర్ణమిలోగా పదివేలు కాకపోతే పొయ్యి ఆర్పేసి, పట్నంలో రొయ్యల కంపెనీలో చేరిపోదామని నూకరాజు ప్రకటించాడు. సత్యవతి మళ్ళీ కుండ ముందు కూర్చుంది. ఆ రోజు మాత్రం నాలుగు రేకులు చిరిగాయి. ఆమె చేతిలో రేకు చిరగడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"జనం నా వెంట పడాలంటే ఏం చెయ్యాలి గురువుగారూ?" అని అడిగాడు నూకరాజు.

గురువుగారు గొడుగు అందుకున్నాడు.

తెల్లవారాక కూడా మంచు విడలేదు. కోత కోసిన చేలల్లో నీళ్ళు నిలిచి, నేలా ఆకాశమూ ఒకే పిండిలో తడిపి పరిచినట్టు ఉంది. అందులో పెంచలయ్య బాతులు మేస్తున్నాయి, పన్నెండువందలు. నెల్లూరు వైపు నుంచి మందను తోలుకొచ్చిన మనిషి.

"ఈ పూట వీటిని మావాడు నడిపిస్తాడోయ్," అన్నాడు గురువుగారు.

పెంచలయ్య నూకలున్న డబ్బా ఇచ్చాడు. "పేరు నూకరాజంటగా సామీ. నూకలుండేదాకా నువ్వే రాజువి పో."

నూకరాజు డబ్బా గలగలలాడించాడు. బాతులన్నీ ఒక్కసారి తలెత్తి, అతని వెంట బయల్దేరాయి. అతను కర్రకి ఫోను బిగించి లైవ్ పెట్టాడు. బురదలో వేల పాదాల చప్పుడు ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు వినిపించింది. తెల్లటి పొగమంచులోంచి మెడలు, మెడల వెనక మెడలు. తను నడుస్తున్నాడో తేలుతున్నాడో అతనికి తెలియలేదు. ఫోనులో అంకె పెరుగుతోంది. చిటికెడు చిటికెడు చల్లుకుంటూ, ఆ అంకెకేసే చూస్తూ, గట్లు దాటుకుంటూ పోయాడు.

డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందో గమనించలేదు. వాన ఆగినట్టయి వెనక్కి తిరిగాడు. ఒక్క బాతు లేదు. మంచు మాత్రం ఉంది.

"బా బా బా" అని అరిచాడు. ఎవరి బతుకునో పోగొట్టాననుకున్నాడు. కంగారులో గట్టు తప్పి నడుముదాకా బురదలోకి జారాడు. ఫోను కర్రతో సహా గట్టు పక్క బురదలో దిగబడి అక్కడే నిలబడిపోయింది. పాక్కుంటూ, లేస్తూ, వచ్చిన దారినే వెనక్కి పోతే పెంచలయ్య దగ్గు వినిపించింది. బాతులు అతని ముందు మేస్తున్నాయి.

"అన్నీ ఉన్నాయా?"

"ఒకటి తగ్గింది. కాలీడ్చేది." లెక్కపెట్టకుండానే చెప్పి, పెంచలయ్య కాలవ తుంగలోకి దిగి, దాన్ని చంకలో పెట్టుకొచ్చాడు.

"నీ మాట ఎట్లా వింటున్నాయయ్యా ఇవి?"

"నా మాట ఇనేది యాడుంది సామీ? అవి యాడికి బోతే ఆడికి ఎనకాల నేను బోతా. ఎనకాలుంటేనే గదా, ఏది ఎనకబడిందో కనపడేది."

గురువుగారు గొడుగు మడిచి ఇంటికి వచ్చేశాడు.

బురదలో దిగబడిన ఫోను లైవ్‌లోనే ఉంది. నూకరాజు జారడం, పాకడం, బాతుల్ని పిలవడం లోకమంతా చూసింది. సాయంత్రానికి ఫాలోవర్లు యాభైమూడువేలు దాటారు. రేకులు కావాలని ఒక్కరూ అడగలేదు. "అన్నా, మళ్ళీ ఎప్పుడు పడతావు?" అని మాత్రం నాలుగువేలమంది అడిగారు. ఊళ్ళో అందరూ వచ్చి అతనితో ఫొటోలు దిగారు. సూరిబాబు రెండు దిగాడు, మొదటిదాంట్లో పొట్ట కనిపించిందని.

నూకరాజు మూడు రోజులూ పెంచలయ్య మంద మేసే గట్టుమీదే కూర్చున్నాడు. నాలుగోనాడు పెంచలయ్య మంద కదిలింది. నూకరాజు ఫోను సత్యవతికిచ్చి, మంద పోయే ఊళ్ళల్లో కోతలైపోయాక వస్తానని చెప్పి, బాతుల వెనక వెళ్ళిపోయాడు. పౌర్ణమి వచ్చింది, పోయింది. పొయ్యి ఆరలేదు. రేకు చిరగలేదు.

సత్యవతి పళ్ళెంలో నాలుగు రేకులు పెట్టుకుని గురువుగారి ఇంటికి వెళ్ళింది. "మీ శిష్యుడు బాతుల వెనక పోయాడండీ," అంది.

గురువుగారు ఒక రేకు నోట్లో వేసుకుని, అది పూర్తిగా కరిగాక అన్నాడు:

"వెనక నడవడానికి ముందుకొచ్చాడన్నమాట."