చిత్రిక పట్టిన వైపు

లోకనాథానికి దుంగ దొరికింది గానీ, దాన్ని ఏం చెయ్యాలో తోచలేదు.

ఊరి పక్కన బీల ఉంది. ఏడాది పొడవునా నీళ్ళు నిలిచే నేల. గడ్డీ తుంగా కుళ్ళి పొర మీద పొర పేరుకుని, అడుగంతా నల్లటి మెత్తటి మట్టయిపోయింది. అందులో గాలిమరలు నిలబెట్టి కరెంటు తీస్తామని ఒక కంపెనీ వచ్చింది. దాని రోడ్డు కోసం పొక్లెయిను తవ్వుతుంటే ఈ దుంగ బయటపడింది. ఎంత పాతదో తెలీదు గానీ నిన్న నరికినంత గట్టిగా ఉంది. డ్రైవరు దాన్ని గట్టు మీదికి నెట్టేసి తన పని తాను చూసుకున్నాడు.

ఆ మట్టిలో కుండపెంకులూ పూసలూ దొరుకుతాయని ఊళ్ళో అందరికీ తెలుసు. సర్వేకి వచ్చినవాళ్ళు మాత్రం బురద తప్ప ఏమీ లేదని రాసుకుపోయారు. సోమవారం నాడు ఆర్డీవో వచ్చి విచారిస్తాడు. ఆ రోజు కూడా ఏమీ లేదనే తేలితే రోడ్డు బీల నడిమధ్య నుంచి పోతుంది.

అందుకని ఊరివాళ్ళు దుంగను మోసుకొచ్చి లోకనాథం వాకిట్లో దించారు. చూడగానే ఆఫీసరు మనసు కరిగేలా ఏదైనా బొమ్మ చెక్కమన్నారు. లోకనాథం ఒళ్ళు పొంగిపోయింది. రథాలూ వాహనాలూ చేసే దండాసి మేస్త్రి దగ్గర అతను ఎనిమిదేళ్ళుగా శిష్యరికం చేస్తున్నాడు. ఇన్నాళ్ళూ గుర్రాల కాళ్ళూ హంసల తోకలే అతని వంతు. మొహం మీద ఉలి పెట్టనిచ్చింది లేదు. ఇప్పుడు తన పేరు చెక్కుకోదగిన పని కాళ్ళ దగ్గరికే వచ్చింది.

కొయ్య కనబడగానే చెక్కేవాడు చేసే పనే అతనూ చేశాడు. నార ఎటు పోతోందో చూద్దామని చిత్రిక పట్టాడు. పై వైపంతా అద్దంలా తేలింది. అక్కడే ఆగిపోయాడు. ఏడుస్తున్న తల్లిని చెక్కాలా? బిగించిన పిడికిలా? రెక్క విరిగిన కొంగా? కొంగ దగ్గర రెండు రోజులు ఊగిసలాడి, చివరికి గురువును పిలుచుకొచ్చాడు.

దండాసి మేస్త్రి దుంగ చుట్టూ ఒకసారి తిరిగాడు. లోకనాథం పిడికిలి గురించి చెప్పాడు, కొంగ గురించి చెప్పాడు, కరెంటు కంపెనీల దుర్మార్గం గురించి ఇంకా ఎక్కువ చెప్పాడు. మేస్త్రి అన్నిటికీ తలాడించాడు. అది మెచ్చుకోలో కాదో ఎనిమిదేళ్ళుగా లోకనాథానికి అంతుపట్టలేదు.

"ఎక్కడ మొదలెట్టమంటారు గురువుగారూ?"

మేస్త్రి బిందెతో నీళ్ళు తెచ్చి దుంగ మీద పోశాడు. చిత్రిక పట్టిన వైపు అప్పుడే సన్నటి బీట పడింది. నీళ్ళు ఆ బీటలోకి కొంచెం ఇంకి, మిగతావి జారిపోయాయి. ఇద్దరూ కలిసి దుంగను తిరగేశారు. ఆ వైపు కూరుకుపోయిన మట్టిని మేస్త్రి చేత్తోనే కడిగి మళ్ళీ నీళ్ళు పోశాడు. ఈసారి నీళ్ళు జారలేదు. వరసగా చిన్న చిన్న గుంటల్లో నిలబడ్డాయి.

మేస్త్రి శిష్యుడి చెయ్యి పట్టుకుని, బొటనవేలు మొదటి గుంటలో పెట్టించాడు. సరిగ్గా పట్టింది. పక్క గుంటలోకి జరిపాడు. అదీ పట్టింది. అలా వరస వెంబడి నడిపించాడు. ఎవరో ఓపిగ్గా వేసిన గాట్లు. పొట్టిగా, గుండ్రంగా ఉన్నాయి. మధ్యకి వెళ్ళేకొద్దీ లోతవుతున్నాయి.

"ఇనప పనిముట్టు గాటు కాదిది," అన్నాడు మేస్త్రి. "ఏ కాలం నాటోడో, దోనె తొలుస్తున్నాడు. చెక్క పగలకుండా బీలలో నానేసుకున్నాడు, మనం నానేసుకోమూ? మళ్ళీ రాడానికి కుదర్నేదు."

వేలు అంచు దాటి చిత్రిక పట్టిన వైపుకి వచ్చింది. అక్కడ పట్టు దొరక్క నున్నగా జారిపోయింది. మేస్త్రి చెయ్యి వదిలేశాడు.

"ఎప్పుడో మొదలెట్టేసాడు నాయనా," అన్నాడు.

లోకనాథం చిత్రికకి రాలిన పొట్టు కోసం వెతికాడు. ఎండలో ఆరబోసిన పొట్టులో చాలామటుకు పొద్దునే నీళ్ళపొయ్యిలోకి వెళ్ళిపోయింది. మిగిలిన పిడికెడూ చేతిలో పట్టుకుని అతను సిగ్గు లేకుండా ఏడ్చాడు. మేస్త్రి ఓదార్చలేదు. తన ఇంట్లో ఫ్యాను తిరుగుతోందనీ, కరెంటు మీద తనకేం కోపం లేదనీ, గోనెలు తడిపి తెమ్మనీ చెప్పాడు.

సోమవారం బొమ్మ కోసం వచ్చిన జనం తడి గోనెలు చుట్టిన దుంగను చూసి సణుక్కున్నారు. లోకనాథం గోనె తొలగించి గాట్లు చూపించాడు. ఆర్డీవో కళ్ళజోడు సర్దుకుని, ఇది చేసిందెవరని అడిగాడు.

"పేరు తెలీదండి. ఈ ఊరోడే."

మరి నువ్వు చేసిందేమిటన్నాడు ఆర్డీవో. చిత్రిక పట్టిన వైపు, పేరు చెక్కుకోవాలనుకున్న చోటే లోకనాథం చెయ్యి వేశాడు.

"ఇది చెరిపింది నానండి."

ఆర్డీవో వంగి, ఒక గుంటలో బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత పక్క గుంటలో పెట్టాడు. పురావస్తు శాఖవాళ్ళు వచ్చి చూసేదాకా బీలలో తవ్వొద్దని రాయించాడు. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలీదు.

జనమంతా గాట్ల మీద వేళ్ళు పెట్టి చూడ్డానికి మూగారు. లోకనాథం వాళ్ళ మధ్య నుంచి గురువు వైపు చూశాడు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా ఒక మంచి మాట వింటానేమోనని ఆశగా చూశాడు.

మేస్త్రి ఎండ వైపు చూసి, దుంగ వైపు చూశాడు.

"గోనె ఆరిపోతంది," అన్నాడు. "నీళ్ళు జల్లు."