నూట యాభై గజాల బాతు

చింతలంక రాజావారికి ఆ ఏడు బాతుల మీద కోపం వచ్చింది.

రాదూ మరి! కిందటి పుష్యమాసంలో కలెక్టరు దొరను కొల్లేటి వేటకు పిలిచి, ఇద్దరూ కలిసి అరవై తూటాలు కాలిస్తే రాలింది ఒకే ఒక్క బాతు. అది కూడా దెబ్బ తగిలి కాదు, నవ్వలేక చచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ దొర ఈసారీ వస్తానని కబురు పెట్టాడు.

"లోపం మా గురిలో లేదు, తుపాకిలో ఉంది," అని రాజావారు తేల్చేశారు. కాదనే మొనగాడు కొలువులో ఎవడున్నాడు? "బాతుల వేటకు తగిన తుపాకి ఎవరు ఎంచితే వారికే ఆయుధాల కొట్టు తాళాలు. గవరయ్యా, అందాకా ఆ గుత్తి ఇలా ఇయ్యి."

గవరయ్య ప్రాణం ఉసూరుమంది. ఇరవై ఏళ్ళుగా ఆ తాళాలు అతని మొలకే వేలాడుతున్నాయి. కొట్టులో ఉన్న ప్రతి తుపాకినీ తన చేత్తో తుడిచి, నూనె పట్టించి, పసిబిడ్డలా చూసుకున్నాడు. అవి పరాయి చేతుల్లోకి పోతే ఇక చింతలంకలో తనకు పనేముంది?

పోటీకి దిగింది కోదండపాణి. దివానుగారి బావమరిది. ఆరు నెలలు మదరాసులో ఉండి, బూట్లూ టోపీతో పాటు బోలెడన్ని గొప్పలు కూడా మోసుకొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ కొల్లేటి గట్టు మీదికి చేరారు. కోదండపాణి తుపాకిని ఇద్దరు బంట్రోతులు మోసుకొచ్చారు. గొట్టాలు చూస్తే ఫిరంగికి తమ్ముడిలా ఉంది.

"నూట యాభై గజాలు ప్రభూ!" అన్నాడు కోదండపాణి మీసం దువ్వుతూ. "అదిగో, ఆ కిక్కిస గడ్డి అవతల తేలుతున్నాయే బాతులు, గట్టు మీంచి కదలకుండా రాల్చెయ్యొచ్చు."

గవరయ్య కొట్టులోంచి తెచ్చింది పాత జంట గొట్టాల తుపాకి. "ఇది నలభై గజాలండి. అంతకు మించి నేను మాటివ్వలేను. తమరు ఒక్కసారి కళ్ళు మూసుకుని దీన్ని భుజానికి ఎత్తాలి."

రాజావారు అలాగే ఎత్తి, కళ్ళు తెరిచారు. గొట్టం కొసనున్న గురిపూస సరిగ్గా కంటికి ఎదురుగా నిలిచింది.

"కొలిచి కుట్టిన చొక్కాలా ఉందే!" అన్నారు.

"చిత్తం. బాతు లేచిందంటే మనకు గుక్క తిప్పుకునే వ్యవధి కూడా ఇవ్వదు. తుపాకి దానంతట అదే భుజానికి రావాలండి."

"నలభై గజాలా!" కోదండపాణి పకపకా నవ్వాడు. "బాతులు వచ్చి ప్రభువుల ఒళ్ళో కూచోవాలన్నమాట!"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజావారు పాత తుపాకి పక్కన పెట్టేసి, పెద్దదానికేసి చెయ్యి చాపారు. గవరయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలోనే ఏం తోచిందో, పరుగున వెళ్ళి కోదండపాణి ముందు మోకరిల్లాడు.

"తాళాల కోసం నా కాళ్ళు పట్టుకుంటే ఏం లాభమయ్యా?"

"కాళ్ళు కాదు బాబూ, బూట్లు. విప్పుతున్నాను. మదరాసు తోలు, బురదలో పాడైపోతుంది."

"నేనెందుకు బురదలో దిగుతాను?"

"తొలి పిట్టను తుపాకి ఎంచినవాడే వెళ్ళి తన చేత్తో పట్టుకొచ్చి ప్రభువులకు సమర్పించాలి కదండీ. ఇన్నేళ్ళూ ఎంచింది నేనే గనక తెచ్చిందీ నేనే. అందుకే ఎవరికీ గుర్తులేదు."

"అవునవును," అన్నారు రాజావారు. "మా తాతగారు పెట్టిన ఆనవాయితీ. తప్పకూడదు."

కోదండపాణి కిక్కిస గడ్డి వైపు ఓసారి చూశాడు. "అక్కడ... లోతెంత?"

"ఊబి అండి. దోనె సాగదు. కిందటేడు ఒక గేదె దిగింది."

"దిగి?"

"కొమ్ములు చాలాసేపు కనిపించాయండి."

కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. "ఎదురుగాలి ఉంటే మాత్రం ప్రభూ, దీని దెబ్బ నూరు గజాలే."

"నూరు గజాల్లో అయితే నీరుకట్టె పాములండి," అన్నాడు గవరయ్య ఒక బూటు లాగేస్తూ. "విషం లేదు లెండి. కరుస్తాయంతే."

"ఉదయపు మంచుకి మందు చెమ్మగిల్లితే డెబ్బై!"

గవరయ్య పంచె పైకెత్తి పిక్కలు చూపించాడు. నిండా మచ్చలు. "డెబ్బైలో జలగలండి. పీకినా రావు, ఉప్పు రాయాలి."

"యాభై!"

"అక్కడ మొల లోతు బురద."

"పోనీ, నలభై?"

"నలభై దాకా దోనె హాయిగా వెళుతుందండి. తమరు కూచునే చెయ్యి చాపి పిట్టను తీసుకోవచ్చు."

"అయితే నా తుపాకి నలభై గజాలే!" కోదండపాణి అరిచినంత పని చేశాడు. "అంగుళం కూడా దాటదు. మా అమ్మ తోడు!"

రాజావారు కడుపు పట్టుకుని నవ్వారు. "నలభై గజాలు కొట్టడానికి ఇద్దరు మోతగాళ్ళు దేనికయ్యా? ఒంటి చేత్తో ఎత్తేది ఇక్కడే ఉండగా!" అంటూ పాత తుపాకిని మళ్ళీ అందుకున్నారు. "గవరయ్యా, లోకమంతా దూరం కొట్టే తుపాకి కావాలంటుంటే, నలభై గజాలు చాలని నీకెలా తట్టింది?"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"కాల్చేది తమరు, వెళ్ళి తెచ్చేది నేను కదండీ ప్రభూ!"

గట్టంతా నవ్వులు. ఆ గోలకి కిక్కిస గడ్డి అవతల బాతులన్నీ బిలబిలా లేచిపోయాయి. రాజావారు వాటికేసి చూడనైనా లేదు. నవ్వుతూనే భుజం మీది జరీ శాలువా తీసి గవరయ్యకు కప్పి, తాళాల గుత్తి అతని చేతిలో పెట్టారు.