గొడ్డలి ఎక్కని మద్దిగట్టు

మద్దిగట్టు మీద వెలసిన ఊటలమ్మ తల్లికి గుడి లేదు, గోపురం లేదు. కొండ పడమటి వాలులో నల్లమద్ది వేళ్ళ నడుమ నీరూరే రాతినే అమ్మవారిగా కొలుస్తారు. వైశాఖ మాసంలో మంగళవారాలు ఇక్కడ జాతర జరుగుతుంది.

పూర్వం ఇక్కడ కొండకు రెండు వైపులా దట్టమైన అడవి ఉండేది. అడవి సంస్థానానిదే అయినా, చుట్టుపట్ల ఊళ్ళవారందరూ అందులో పశువులను మేపుకునేవారు. ఒకప్పుడు సంస్థానం వారు ఆ కలపను ఒక వర్తకునికి అప్పగించారు. అతడు ముందుగా తూర్పు వాలు నరికించాడు. ఆ వానాకాలం కొండమట్టి కొట్టుకొచ్చి పొలాలను కప్పేసింది. వేసవికి అటువైపు పారే గెడ్డలో చుక్క నీరు లేకపోయింది.

అలా మడి పోగొట్టుకున్న వారిలో పారమ్మ ఒకతె. భర్త లేడు. మిగిలిన గేదెలే ఆధారం. నీటికోసం వాటిని పడమటి వాలుకు తోలుకుపోగా, చూలుగేదె ఒకటి తప్పిపోయింది. ఏడుస్తూ వెతికిన పారమ్మకు అది మద్దిచెట్ల కింద, ఊరుతున్న రాతిని నాకుతూ కనిపించింది. ఆ చల్లదనానికి ఆమెకు అక్కడే కునుకు పట్టింది. కలలో తడిచీర కట్టిన ముత్తయిదువ కనబడి, "ఈ నీడ తీసేస్తే నేనిక్కడ నిలవలేను" అని చెప్పి మాయమైంది.

పారమ్మ ఊళ్ళో ఈ మాట చెబితే కొందరు నమ్మారు, కొందరు నవ్వారు. ఇంతలో పడమటి వాలుకూ కూలీలు వచ్చారు. వారి పెద్ద ఆమె సొంత తమ్ముడు గవరయ్య. పారమ్మ మద్దిమానుకు వీపు ఆనించి కూర్చుంది.

"లెగు అప్పా," అన్నాడు గవరయ్య అక్కతో. " ఇది దొరల పని. నేను మానేస్తే ఇంకొకడొస్తాడు."

"వాడొస్తే వాడికీ చెప్తాను. నువ్వు నా తోడబుట్టినోడివి గనక నీకు ముందు చెప్తన్నాను. తూర్పు గెడ్డ ఏమయిందో నువ్వు చూడనేదా?"

తూర్పు వాలు నరికింది గవరయ్య చేతులే. అతడు గొడ్డలి తీసుకుని కొండ దిగిపోయాడు. కూలీలు ఒక్కొక్కరే అతని వెంట నడిచారు.

వర్తకుడు ఊరుకోలేదు. పొరుగు సీమ నుంచి మనుషులను దింపాడు. అప్పటికి, మొదట నవ్వినవారి ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వంతులవారీగా చెట్ల కింద పొయ్యిలు పెట్టుకుని కూర్చున్నారు. గవరయ్య ఊరూరా తిరిగి బళ్ళు కట్టవద్దని బళ్ళవాళ్ళను ఒప్పించాడు. దుంగలు మోయడానికి ఒక్క బండీ కదలలేదు. తగవు తీర్చడానికి వచ్చిన దివాను రెండు వాలులూ తిరిగి చూసి, పడమటి అడవిని ముట్టరాదని ఆజ్ఞ ఇచ్చాడు.

నేటికీ గవరయ్య వంశీకులే అమ్మవారికి పూజారులు. కొండ మొదట్లోనే గొడ్డలి, కత్తి విడిచి పైకెక్కాలి. రాలిన పుల్లలతోనే పొంగలి వండాలి. దర్శనమైన ప్రతివారూ ఊటనీరు ఒక చెంబు తెచ్చి తూర్పు వాలులో నాటిన మొక్కకు పోస్తారు. అమ్మను కొలిచిన ఇంట పాడికి, పంటకు లోటుండదని పెద్దలు చెబుతారు. తూర్పు గెడ్డ ఇంకా పారలేదు. భక్తులు మాత్రం ఏటా నీళ్ళు పోస్తూనే ఉన్నారు.